మా చర్చి కమ్యూనికేషన్ నేర్చుకున్న విధం

"నేటి నుంచి మన చర్చి మాట్లాడదు. కమ్యూనికేట్ చేస్తుంది."

ఆదివారం ఆరాధన ముగిసి, జనం గుమ్మం దగ్గర గొడుగులు వెతుక్కుంటున్న సమయంలో మా సెక్రటరీగారు మైకు అందుకుని ఈ ప్రకటన చేశారు. మాట్లాడడానికీ కమ్యూనికేట్ చేయడానికీ తేడా ఏమిటని రెండో బెంచీలో ఒక పెద్దావిడ అడిగింది.

"మాటకు నోరుంటే చాలమ్మా. కమ్యూనికేషన్‌కి డిపార్ట్‌మెంట్ ఉంటుంది," అన్నారు సెక్రటరీగారు.

ఆయన మాటల్లోని లోతు అందరికీ ఒక్కసారిగా అందదు. ఆయన కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్లు నోటీసులు రాసి రిటైరైన మనిషి. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఆయన నోటీసు చదివి తెలుసుకున్నవాడు మా ఊళ్లో లేడు. అయినా ప్రమోషన్లు ఆగలేదంటే ఆ కలం బలం ఏపాటిదో పాఠకులు ఊహించుకోవచ్చు.

ఈ నాలుగు ముక్కలు రాస్తున్న నేను ఆ చర్చిలో పద్దెనిమిదేళ్లుగా మైకు చూసుకునేవాణ్ణి. వారంలో మిగతా రోజులు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే షాపు నడుపుతాను. అందరూ నన్ను మైకు అన్నయ్య అంటారు. మా ఆవిడ మాత్రం "మైకు" అని ఊరుకుంటుంది. గొప్ప పనులు జరిగేటప్పుడు గోడపక్కన నిలబడి వైర్లు చుట్టే అదృష్టం నాది. అందుకే మా చర్చి సాధించిన ప్రగతిని దగ్గరగా చూశాను.

డిపార్ట్‌మెంట్ పెట్టిన వారంలోనే కన్సల్టెంట్ దిగాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. గడ్డం కొలత పెట్టి గీసినట్టు ఉంటుంది. అంతకుముందు మా జిల్లా మంత్రిగారి ఎన్నికల ప్రచారం చూసుకున్నాడు. అతను అంతకుముందు పనిచేసిపెట్టిన ఇంకో అభ్యర్థి, ఫలితాలు వచ్చాక కూడా తానే గెలిచానని మూడు రోజులు నమ్మాడట. అంత గట్టి పనివాడు.

పీఠం వెనక గదిలో మొదటి మీటింగ్ జరిగింది. ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల, దానికింద మడతపెట్టిన అట్టముక్క, తలుపు సరిగా పడని బీరువా. బల్లకు అటువైపు మా పాస్టరుగారు కూర్చున్నారు. మేమంతా అయ్యగారు అంటాం. నోట్లో నాలుక లేని మనిషి. ప్రసంగం చేసేటప్పుడు మాత్రం నలభై నిమిషాలు ఆగరు.

"మీ ఎంగేజ్‌మెంట్ ఎలా ఉందండీ?" అని కన్సల్టెంట్ మొదలుపెట్టాడు.

అయ్యగారు కాస్త సిగ్గుపడ్డారు. "నాది అయిపోయి ముప్పై ఏళ్లయింది బాబూ. ఈ నెల సంఘంలో రెండున్నాయి. ఒకటి వాయిదా పడేలా ఉంది, పిల్లకు ఉద్యోగం వచ్చింది."

కన్సల్టెంట్ లాప్‌టాప్‌లో "ఎంగేజ్‌మెంట్: తగ్గుముఖం" అని కొట్టుకున్నాడు.

"రీచ్?"

"స్కూటరుంది బాబూ. ఎంత దూరమైనా వెళ్తాను. వానొస్తేనే కాస్త ఇబ్బంది."

"రోజూ వెళ్తారా?"

"మధ్యాహ్నం మూడింటికి బయల్దేరితే నాలుగిళ్లు అవుతాయి."

"అక్కడ మీరు ఏం మాట్లాడతారు?"

అయ్యగారు ఆలోచనలో పడ్డారు. ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు. "నేను పెద్దగా ఏం మాట్లాడను. వాళ్లు మాట్లాడతారు. ఒక్కోసారి వాళ్లూ మాట్లాడరు."

"మరి మీరేం చేస్తారు?"

"కూర్చుంటాను."

ఎక్స్‌రే చూసిన డాక్టర్లలా సెక్రటరీగారూ కన్సల్టెంటూ మొహాలు చూసుకున్నారు. తర్వాత కన్సల్టెంట్ లెక్క వేసి చూపించాడు. మూడు గంటలు తిరిగితే నాలుగిళ్లు, పదకొండు మంది. అదే మూడు గంటల్లో ఒక వీడియో చేస్తే పదకొండు వేలమంది. లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. అయ్యగారు కూడా వేళ్లమీద ఒకసారి లెక్కపెట్టి చూసుకుని ఊరుకున్నారు. ఆ రోజు నుంచి ఇళ్లకు వెళ్లడం ఆగిపోయింది. స్కూటరుకు కవరు తొడిగారు. అయ్యగారి ఫోను డిపార్ట్‌మెంట్ స్వాధీనం చేసుకుంది. చర్చి అకౌంట్లన్నీ ఆ నంబరు మీదే తెరవాలట.

షూటింగులు మొదలయ్యాయి. నలభై నిమిషాల ప్రసంగం తొంభై సెకండ్లకు దిగింది. మొదటి రోజు అయ్యగారు "ప్రియులారా, ముందుగా" అని, కళ్లజోడు సర్దుకుని, వచనం తీసేసరికి టైమైపోయింది. కన్సల్టెంట్ నిరుత్సాహపడలేదు.

"మొదటి మూడు సెకండ్లలో పట్టెయ్యాలండీ. 'ఇది చూడకపోతే మీరు చాలా నష్టపోతారు' అని మొదలుపెట్టండి."

"చూడకపోతే ఎందుకు నష్టపోతారు బాబూ? ఏదో పనిలో ఉండుంటారు."

"భయపడితేనే ఆగుతారండీ."

"భయపడకుడి అని కదా మనం చెప్పేది."

"అది నాలుగో సెకండులో చెబుదాం," అన్నాడు కన్సల్టెంట్. ఏ సమస్యకైనా అతని దగ్గర పరిష్కారం ఉండేది.

రెండు నెలలు తిరిగేసరికి ఏ వీడియోలు ఎక్కువ నడుస్తున్నాయో లెక్కలు వచ్చాయి. ఓదార్పుకు గిరాకీ బాగుందని తేలింది. రోగిని పరామర్శించే వీడియో ఒకటి తీద్దామన్నాడు కన్సల్టెంట్. సంఘంలో ఆరుగురు రోగులున్నారు గానీ, వాళ్ల ఇళ్లలో వెలుతురు బాగాలేదు. ఒకాయన మరీ ఎక్కువ దగ్గుతున్నాడు. చివరికి సెక్రటరీగారి బావమరిది ముందుకొచ్చాడు. ఆఫీసులో ఏడాదికి ముప్పై రోజులు సిక్ లీవు తీసుకున్న అనుభవం ఉన్నవాడు. చర్చి హాలులోనే మంచం వేసి, దుప్పటి కప్పి, కిటికీ పక్కన దీపాలు పెట్టారు.

అయ్యగారు వచ్చి మంచం మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నారు. స్క్రిప్టులో "దిగులుపడకు సోదరా" అని ఉంది. ఆయన ఆ మాట మరిచిపోయి, "ఎలా ఉంది నాయనా?" అన్నారు.

బావమరిది ఆయన మొహంలోకి చూశాడు. అతను చెప్పాల్సింది "మీ రాకతో కొత్త బలం వచ్చింది." అతను చెప్పింది వేరు. "మా అమ్మాయి నాతో మాట్లాడి ఏడాదైందండీ," అన్నాడు. అని, దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడవడం మొదలుపెట్టాడు.

"కట్. ఇది స్క్రిప్టులో లేదు," అన్నాడు కన్సల్టెంట్.

అయ్యగారు లేవలేదు. అద్దె లైట్లు నాలుగింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలని గుర్తుచేశాక లేచారు. మంచి నటుడు కాదని బావమరిదిని తీసేసి, ఓ ప్లాస్టిక్ పువ్వుల గుత్తి దగ్గరగా తీసి పని కానిచ్చారు. ఆ వీడియోకు ముప్పై వేల లైకులు వచ్చాయి.

ఫోన్లు ఎత్తలేక డిపార్ట్‌మెంట్ వాళ్లు అయ్యగారి నంబరుకు రికార్డు చేసిన గొంతు పెట్టారు. ఆ సంగతి నాకు మా పక్క షాపు టైలరు మాస్టారి భార్య చెప్పింది. ఒక సోమవారం ఆవిడ షాపుకు వచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"అన్నయ్యా, అయ్యగారి ఫోన్లో ఎవరో ఆడపిల్ల మాట్లాడుతోంది. ఓదార్పు కావాలంటే ఒకటి నొక్కమంది. నొక్కాను. ఓదార్పు కోరేవారు ఎక్కువగా ఉన్నారు, లైన్లో ఉండమంది. ఉన్నాను. పాటొచ్చింది. పాట బాగానే ఉంది, సగంలో ఆగిపోయింది."

"ఏమైందమ్మా?"

"ఈయన్ని ఆస్పత్రిలో చేర్చి నాలుగు రోజులైంది. కడుపులో గడ్డంట. శుక్రవారం పదింటికి ఆపరేషన్ చేస్తారంట. మనిషి ఏం మాట్లాడడం లేదన్నయ్యా. ఇరవై నాలుగ్గంటలూ గుమ్మంకేసి చూస్తాడు. ఎవరికోసమయ్యా అంటే, ఎవరికోసమూ లేదంటాడు."

మాస్టారి షట్టరు దించి ఉండడం నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఏదో పెళ్లికి వెళ్లి ఉంటారనుకున్నాను. మధ్య గోడ నాలుగంగుళాలు. ఆవిడ మొహంలోకి చూడలేక చేతిలోని స్క్రూడ్రైవరు తిప్పుతూ కూర్చున్నాను.

సాయంత్రం సెక్రటరీగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"చాలా మంచి విషయం చెప్పావు బ్రదర్. ఫారం నింపమను. పేరు, జబ్బు, ఫొటో. ఫొటో అడ్డంగా తియ్యాలి, నిలువుగా తీస్తే సిస్టం తీసుకోదు."

"అయ్యగారు ఒక్కసారి వెళ్లొస్తే బావుంటుందేమోనండీ."

"శుక్రవారం అవార్డు ఉంది కదా. ఈ నాలుగు రోజులూ ఆయన్ని ఎవరూ కదపకూడదు. ఆయన ఇప్పుడు పాస్టరు కాదు బ్రదర్, బ్రాండు."

నిజమే, అవార్డు సంగతి చెప్పలేదు. అత్యధిక ప్రజలకు చేరువైన ప్రార్థనా మందిరంగా మా చర్చి ఎంపికైంది. మంత్రిగారే స్వయంగా వచ్చి ఆరాధనలో పాల్గొని షీల్డు ఇస్తారు. ఆయనకు ఆదివారం ఖాళీ లేకపోవడంతో సెక్రటరీగారు ఆ వారానికి ఆదివారాన్ని శుక్రవారానికి మార్చారు. అలా మార్చవచ్చా అని అయ్యగారు అడిగితే, "ప్రోటోకాల్ అండీ," అన్నారు. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

బుధవారం షూటింగ్. అయ్యగారి చెవిలో చిన్న ఇయర్‌ఫోను ఉంటుంది. తర్వాతి వాక్యం మరిచిపోతే నేను మైకులో అందిస్తాను. అయ్యగారు కెమెరా ముందు నిలబడి, "మిత్రులారా, ఒంటరిగా ఉన్నామని ఎప్పుడైనా అనిపించిందా?" అన్నారు. అనుకున్నట్టే తర్వాతి వాక్యం దగ్గర ఆగి నాకేసి చూశారు.

పద్దెనిమిదేళ్లలో ఆ మైకులో నేను "చెక్, చెక్" తప్ప సొంత మాట అనలేదు. బటన్ నొక్కి, చిన్నగా, "అయ్యగారూ, టైలరు మాస్టారు ఆస్పత్రిలో ఉన్నారు. ఎల్లుండి పదింటికి ఆపరేషన్. మీకోసం చూస్తున్నారు," అన్నాను.

అయ్యగారు పదకొండు సెకండ్లు కెమెరాలోకి చూశారు. తర్వాత ఇయర్‌ఫోను తీసి, బల్లమీద పెట్టి, తలుపు తీసుకుని వెళ్లిపోయారు. కాసేపటికి బయట స్కూటరు స్టార్టయిన చప్పుడు వినబడింది.

నా పని అయిపోయిందనుకున్నాను. కన్సల్టెంట్ ఆ పదకొండు సెకండ్లూ మూడుసార్లు తిప్పి చూశాడు. అతని కళ్లు మెరిశాయి.

"అద్భుతం. ఈ పాజ్ ఎవరు రాశారు?"

నేను తలవంచుకుని వైరు చుట్టడం మొదలుపెట్టాను. వినయం అనుకున్నాడు. ఆ సాయంత్రమే దాన్ని "మౌనం మాట్లాడితే" అని పేరు పెట్టి వదిలాడు. మా చర్చి చరిత్రలో అంతగా జనంలోకి వెళ్లిన ప్రసంగం మరొకటి లేదు. అయ్యగారు ఇంట్లోనే ఉన్నారనుకుని, అవార్డు దాకా కదపకూడదని సెక్రటరీగారు ఆయన జోలికి పోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి హాలు పెళ్లిమండపంలా ఉంది. గుమ్మానికి రెండువైపులా నిలువెత్తు అట్టబొమ్మలు, అయ్యగారివే, చేతులు చాచి నవ్వుతున్నవి. లోపల నాలుగు కెమెరాలు, గోడంత తెర. బెంచీల మీద ఎవరూ లేరు. తొమ్మిదిన్నరకీ లేరు. సెక్రటరీగారు గుమ్మంలోకీ రోడ్డుమీదికీ ఎనిమిదిసార్లు తిరిగారు. పాటల బృందానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బావమరిదికి చేస్తే ఎత్తలేదు. చివరికి అయ్యగారికే చేశారు. కన్సల్టెంట్ జేబులో మోగింది.

పదింటికి మంత్రిగారు పధ్నాలుగు మందితో దిగారు. గన్‌మెన్లతో, కెమెరా కుర్రాడితో కలిపి హాలులో మేం పందొమ్మిది మందిమి.

మంత్రిగారు బెంచీల వైపు ఒకసారి చూశారు. "జనం ఏరయ్యా?"

సెక్రటరీగారు మళ్లీ రోడ్డుకేసి చూశారు. కన్సల్టెంట్ మాత్రం తొణకలేదు. గోడమీది తెర చూపించాడు. "అక్కడున్నారు సార్. ముప్పై రెండు వేల నాలుగు వందల మంది. లైవ్‌లో."

మంత్రిగారు అంకె వైపు చూశారు. బెంచీల వైపు చూశారు. మళ్లీ అంకె వైపు చూశారు. మొహం మెల్లమెల్లగా వికసించింది.

"వీళ్లను తోలుకురావడానికి బస్సులు?"

"అక్కర్లేదు సార్."

"భోజనాలు?"

"అక్కర్లేదు సార్."

"మధ్యలో లేచి వెళ్లిపోతారా?"

"మనం ఆపేదాకా ఉంటారు సార్."

మంత్రిగారు పక్కనున్న తన పీఏతో, "రాసుకో. వచ్చే నెల మన మహాసభ ఇలాగే," అన్నారు.

షీల్డు అందుకోవడానికి అయ్యగారు లేకపోవడం చిన్న ఇబ్బందే. గుమ్మం దగ్గరి అట్టబొమ్మను లోపలికి తెచ్చి వేదికమీద నిలబెట్టారు. మంత్రిగారు దాని చాచిన చేతుల్లో షీల్డు పెట్టి, కెమెరా వైపు తిరిగి, "ఇంత నిరాడంబరమైన మనిషిని నేనెక్కడా చూడలేదు," అన్నారు. నేను రికార్డు చేసిన చప్పట్లు వేశాను. షీల్డు బరువుకు అయ్యగారు ముందుకు వాలితే గన్‌మన్ పట్టుకున్నాడు.

తెరమీద భక్తుల స్పందన వరదలా పారుతోంది. మంత్రిగారు పైకి చదివారు. "'మన నాయకుడి పాలనలో రోడ్లు అద్దంలా ఉన్నాయి.' 'మా ఓటు మీకే.' ఇదేమిటయ్యా, ప్రార్థనలో కూడా నా పేరే తలుచుకుంటున్నారు?"

పీఏ ఆయన చెవి దగ్గరికి వంగాడు. మైకు మధ్యలో ఉండడం వల్ల నాకూ వినబడింది. "వీళ్లు మనవాళ్లే సార్. ఎన్నికలప్పుడు చేయించిన అకౌంట్లు. ఈ కన్సల్టెంటే చేశాడు."

"మనవాళ్లేనా," అన్నారు మంత్రిగారు సంతృప్తిగా. "ఇన్నాళ్లయినా పార్టీ మారలేదన్నమాట."

కారు కదిలాక, వైర్లు చుట్టకుండానే సైకిలెక్కి ఆస్పత్రికి వెళ్లాను. ఆపరేషన్ థియేటర్ బయట వరండాలో మా బెంచీలవాళ్లంతా ఉన్నారు. కుర్చీలు నాలుగే ఉండటంతో ముసలివాళ్లు వాటిమీద, తక్కినవాళ్లు గోడవారన నేలమీద. పాటల బృందం నోరు మూసుకుని కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. బావమరిది ఒక మూల నిలబడి ఉన్నాడు. అతని పక్కన ఇరవై ఏళ్ల అమ్మాయి, చేతిలో నీళ్ల సీసాతో. అయ్యగారు మాస్టారి భార్య పక్కన నేలమీద కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్లో మాస్టారి చెప్పులు, చొక్కా మడత. బుధవారం సాయంత్రం నుంచి ఆయన ఇంటికి వెళ్లలేదట.

పన్నెండు దాటాక తలుపు తెరుచుకుంది. ఒక నర్సు బయటికొచ్చి కాగితం చూసి, "పేషెంట్ తాలూకు ఎవరండీ?" అంది.

వరండాలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

నర్సు కాగితం దించి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. "దగ్గరివాళ్లు, దగ్గరివాళ్లు," అంది. ఎవరూ కూర్చోలేదు. ఇక లాభం లేదనుకుని అందరికీ కలిపే చెప్పింది. "బాగానే జరిగింది. గంటలో మెలకువ వస్తుంది. దయచేసి ఒక్కొక్కరే."

మాస్టారి భార్య కొంగుతో మొహం కప్పుకుంది. నేను చొక్కా చేతితో కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాను. ఎవరూ అడగలేదు.

అయ్యగారు మళ్లీ మూడింటికి స్కూటరెక్కుతున్నారు. ఫోను తిరిగి ఇమ్మని ఇంతవరకూ అడగలేదు. డిపార్ట్‌మెంట్ కూడా ఇస్తామనలేదు. అట్టబొమ్మ ఉందిగా, వీడియోలు దానితో బాగానే నడుస్తున్నాయి.

అయితే సెక్రటరీగారు బాధ్యత గల మనిషి. జరిగింది జరిగిందని వదిలెయ్యలేదు. డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క మెసేజీ పోకుండా, ఒక్క పోస్టు పెట్టకుండా, ఒకటిన్నర రోజులో సంఘమంతా ఆస్పత్రికి ఎలా చేరిందో తేల్చడానికి విచారణ వేశారు. ఆయనా కన్సల్టెంటూ పీఠం వెనక గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచారు.

"నీకెవరు చెప్పారు?"

"పక్కవాళ్లు చెప్పారండీ."

"నీకు?"

"పక్కవాళ్లేనండీ."

బావమరిదిని గట్టిగానే నిలదీశారు. అతనూ పక్కవాళ్లే అన్నాడు. సాయంత్రానికి అరవై నలుగురు అదే పేరు చెప్పారు. కన్సల్టెంట్ రిపోర్టు తయారుచేశాడు. అందులో అంకెలను సెక్రటరీగారు ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి చదివారు. చేరినవాళ్లు నూటికి నూరు. చూసి వదిలేసినవాళ్లు సున్నా. నకిలీ అకౌంట్లు సున్నా.

"ఇంత పెద్ద ప్లాట్‌ఫాం మన ఊళ్లోనే నడుస్తుంటే మనకు అకౌంట్ లేకపోవడమేమిటయ్యా?" అన్నారు చివరికి.

అప్పటి నుంచి కన్సల్టెంట్ తన రెండు ఫోన్లలోనూ వెతుకుతూనే ఉన్నాడు. "పక్కవాళ్లు" అనే పేరుతో ఎక్కడా దొరకడం లేదు. ఈ పత్రిక పాఠకుల్లో ఎవరి ఫోనులోనైనా ఉంటే, దయచేసి మా సెక్రటరీగారికి లింకు పంపగలరు.